జకరయ్య గారికి రెండు నిమిషాల మౌనం

నేనొకసారి ఒక కుటుంబాన్ని మొత్తం, పిల్లలతో సహా, చంపేశాను. కత్తి లేదు, తుపాకీ లేదు. నా చేతిలో ఉన్నది మైకు ఒక్కటే.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్ళు. తెనాలి నుంచి, పెద్దపల్లి అవతల ఒక బొగ్గుగనుల కాలనీకి గుమాస్తాగా వచ్చి నెల కూడా కాలేదు. అక్కడ ఏటా వానాకాలంలో, పాత యంత్రాల షెడ్డులో, రేకుల కింద టెన్నిస్ పోటీలు జరిగేవి. "నీ తెలుగు బాగుంటుందయ్యా, ఫైనల్ రోజున పోటీల చరిత్ర చదువు" అన్నారు మేనేజరు గారు. నాకూ ఆ అనుమానం మొదటినుంచీ ఉంది.

వివరాల కోసం టెన్నిస్ కోర్టు చూసుకునే మల్లయ్యను పట్టుకున్నాను.

"మొదట్ల దొరలే ఆడేటోళ్ళు, దొరలే గెలిచేటోళ్ళు సార్. గప్పుడు జకరయ్యన్న వచ్చిండు. ఫిట్టరు. మిషన్ చర్చిల పాటలు పాడేటోడు. ఉత్త కాళ్ళతోని సిమెంటు మీద ఉరికి, ఇంజనీరు దొరను మూడు సెట్లల్ల ఓడగొట్టిండు. ఐదేండ్లు కప్పు గాయినదే."

నాకు ఒళ్ళు పులకరించింది. "ఇప్పుడాయన ఎక్కడున్నారు?"

"పోయిండు సార్. ఆర్నెల్లాయె."

మా తెనాలిలో వెళ్ళినవాడు వెళ్ళాడు, పోయినవాడు ఇక రాడు. "అయ్యో, ఎలా?"

"రైల్ల పోయిండు."

"మరి వాళ్ళావిడ?"

"ఇద్దరు ఒక్కపారే పోయిండ్రు. పిల్లలు ముందుగాల్నే పోయిండ్రు."

"నువ్వు చూశావా?"

"సూసుడేంది సార్, దగ్గరుండి సాగనంపింది నేనే."

ఎద్దు ఈనిందంటే దూడకు బారసాల కూడా చేసే రకాన్ని నేను. ఇక ఆగుతానా? ఫైనల్ రోజున జకరయ్య గారి విజయాలన్నీ చదివి, గొంతు తగ్గించి, "రైలు రూపంలో వచ్చిన మృత్యువు ఆ ఇంటి దీపాలన్నిటినీ ఆర్పేసింది. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాను. షెడ్డంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. మల్లయ్య నెట్టు గుంజను పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

అంతలో తలుపు దగ్గర ఒక నెరిసిన తల మనిషి కనిపించాడు. అందరూ నిలబడి ఉండటం చూసి, గొడుగు ముడిచి, తనూ తలవంచుకున్నాడు. మౌనం ముగియగానే మల్లయ్య దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఎవలు పోయిండ్రు మల్లన్నా?"

మల్లయ్య పట్టుకున్న గుంజను వదిలేశాడు. "నువ్వే అన్నా."

నేను వేదిక దిగి మల్లయ్య మీద పడ్డాను. "నువ్వేగా పోయాడన్నావు?"

"పోయిండంటే, నౌకరి దిగి హుజూరాబాద్ పోయిండని సార్. అటెన్క సచ్చిండేమో, ఆఫీసుకు ఖబర్ వచ్చిందేమోనని నేను గూడ ఏడిస్తి."

జకరయ్య గారు నన్ను తిట్టలేదు. ముందు వరుసలో కూర్చుని, "గా సదివింది జర మల్ల సదువుండ్రి సార్. నిజంగ సచ్చినంక ఇనరాదు గద" అన్నారు. మళ్ళీ చదివాను. ఒకచోట చెయ్యెత్తి ఆపారు. "మూడు సెట్లు గాదు, నాలుగు. రెండోది దొర గెలిచిండు. రాసుకోండ్రి."

తర్వాత ఆ ఏటి విజేతతో సరదాగా ఒక ఆట ఆడారు, ఉత్త కాళ్ళతోనే. ఆయన లేపిన బంతి రేకులను తాకీ తాకకుండా వెళ్ళి, సరిగ్గా గీత మీద పడింది. షెడ్డంతా మళ్ళీ లేచి నిలబడింది. ఈసారి నేను ఎవరినీ నిలబడమనలేదు. నోరు తెరుచుకుని నేనూ నిలబడ్డాను.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరి చావునైనా సరే, ఆ మనిషే స్వయంగా వచ్చి నాతో చెబితే తప్ప నమ్మను. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.