ఆరుద్ర పురుగు కాళ్లు

మొన్న తొలివానకు మా ఊరు రాయచెర్లులో సోలార్ పలకల కింద ఎర్రటి ఆరుద్ర పురుగు కనిపించింది. మా అమ్మాయి ఫోన్‌లో చూసి, అది సాలీడు జాతిదనీ, ఎనిమిది కాళ్లుంటాయనీ చెప్పింది. నాకు మారక్క గుర్తొచ్చింది.

మూడో తరగతిలో, గొర్రెలు కాసే ఇంటి పిల్ల మారక్క అలాంటిదాన్నే అరచేతిలో బడికి తెచ్చింది.

"ఎనిమిది కాళ్లుండాయి సార్."

"పురుగుకు ఆరే గదా! నువ్వు చూసి చెప్పమ్మా," అని సార్ నన్ను పిలిచారు.

వంగి రెండుసార్లు లెక్కపెట్టాను. ఎనిమిదే. కానీ పుస్తకంలో ఆరని ఉంది. పుస్తకం తప్పు చెప్పదనుకున్నాను.

"ఆరే సార్," అన్నాను.

తరగతంతా నవ్వింది.

"నువ్వూ లెక్కపెట్టినావు కదే," అంది మారక్క మెల్లగా.

పుస్తకంలోని ఆరు కాళ్లు కీటకాలవి, సాలీడు జాతివి కావు; పుస్తకం నిజంగానే తప్పు చెప్పలేదు, మారక్కా తప్పు చెప్పలేదు. ఆ తర్వాత ఆమె నాకెప్పుడూ ఏదీ చూపించలేదు. చూపించమని అడగడానికి నాకూ మొహం చెల్లలేదు.