తైవాన్ తమ్ముడికి టెస్టింగ్ కోర్సు

ఉద్యోగం కొత్తది, కారు పాతది, పెళ్లి ఇంకా కుదరలేదు. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ముగ్గురం ఒక అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్న ఆ రోజుల్లో, మాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే అది తెలుసుకోనక్కర్లేనిదే అని నా గట్టి నమ్మకం. క్రికెట్ వచ్చినవాడికి బేస్‌బాల్ ఒక లెక్కా అనుకునేవాణ్ణి. ఆ పొగరు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వెంటనే బాధా వేస్తుంది.

మా కింది ఫ్లాట్‌లో తైవాన్ కుర్రాడొకడు ఉండేవాడు. పక్క ఊరి బేస్‌బాల్ జట్టులో బంతి విసరడం అతని ఉద్యోగం, అంటే మన భాషలో బౌలర్. అది కింది మెట్టు జట్టు. అక్కడ రాణిస్తే టీవీలో కనిపించే పెద్ద జట్టు నుంచి పిలుపొస్తుంది. ఆ పిలుపు కోసమే మీసాలు మొలవకముందే దేశం దాటి వచ్చాడట. ఈలోగా జట్టువాళ్లు వద్దన్నారా, వీసా కూడా అంతటితో సరి. (ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఇంత అప్రతిష్ఠ ఉండేది కాదు.) పేరు మాకు నోరు తిరగక ‘తమ్ముడూ’ అని పిలిచేవాళ్లం, అతనూ పలికేవాడు.

సొంతవాళ్లెవరూ ఇక్కడ లేరు కనుక, ఇంటివాళ్ల కోసం ఇచ్చే పాసులు మాకిచ్చేవాడు. గురువారం సాయంత్రం ముగ్గురం దర్జాగా ముందు వరసలో కూర్చునేవాళ్లం. తీరా చూస్తే మైదానంలో తమ్ముడు ఉండడు! దూరంగా కంచె పక్కన షెడ్డులో కూర్చుని గింజలు నములుతుంటాడు. మా రూమ్మేట్ బావ (ఎవరికీ బావ కాదు, గుంటూరు నుంచి ఆ పేరు వెంట తెచ్చుకున్నాడు) మొదటి రోజే తేల్చేశాడు.

“ఎక్స్‌ట్రా ప్లేయర్‌రా వీడు. ట్వెల్త్ మ్యాన్.”

“కనీసం నీళ్ల బాటిల్ మొయ్యనీకి గూడ పిలుస్తలేరు, పాపం,” అన్నాడు నిజామాబాద్ అన్న, మా మూడో రూమ్మేట్.

నేనూ నిజమేననుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో మాకు ఆఫీసు కాల్ ఉండేది కనుక, ఆట ముగిసేదాకా ఎన్నడూ ఉండలేదు. ఎవరూ పట్టించుకోని ఆ పిల్లాణ్ణి షెడ్డులో వదిలేసి ఇంటికొచ్చేవాళ్లం.

అక్కణ్ణుంచి మొదలైంది మా జాలి. “తిన్నావా తమ్ముడూ?” అంటూ పైకి పిలవడం, పులిహోర పెట్టడం, భుజం తట్టి “డోంట్ వర్రీ బ్రో, నీకూ టైమొస్తుంది” అనడం. అతను నవ్వి ఇంకాస్త పులిహోర పెట్టించుకునేవాడు. మా ఇంగ్లిష్ అతనికి, అతని ఇంగ్లిష్ మాకు సగమే ఎక్కేవి. బావ ఇంకో అడుగు ముందుకేసి, “ఈ ఆటలో ఏముంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, నేను ప్లేస్ చేయిస్తా” అని లాప్‌టాప్ తెరిచి క్లాసులు కూడా మొదలుపెట్టాడు. ఆ మర్యాదస్తుడు వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు కూడా!

ఒకరోజు ఆఫీసులో మా మేనేజర్ దగ్గర ఈ ‘పాపం కుర్రాడి’ ప్రస్తావన తెచ్చాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. “మీ కింది ఫ్లాట్‌లో ఉండేది అతనా? ఊరంతా అతని కోసమే ఆఖరి వరకు కూర్చుంటుందయ్యా!” అన్నాడు. గెలుపు చేతికొచ్చాక, దాన్ని జారిపోకుండా ముగించడానికి చివర్లో దించే బౌలరట. ఫోన్‌లో వీడియో చూపించాడు. తమ్ముడు షెడ్డులోంచి పరిగెత్తుకొస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు. ముందు వరసలో మూడు కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అవి మావే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ గురువారం కాల్ ఎగ్గొట్టి ముగ్గురం ఆఖరి దాకా కూర్చున్నాం. షెడ్డులోంచి ఇంకెవరో వచ్చారు. తమ్ముడు మోచేతికి కట్టుతో అక్కడే ఉండిపోయాడు. మోచెయ్యి లోపల నరమేదో తెగిందట. ఆపరేషన్ అయ్యాక కూడా బంతిలో మునుపటి వేగం రాలేదు. జట్టువాళ్లు వద్దనేశారు. అతని బంతి ఒక్కటంటే ఒక్కటి కూడా మేం కళ్లారా చూడలేదు.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. “సారీ తమ్ముడూ, నీ ఆట మేం...” అని నసిగాను. అతను తలూపుతూ, ఈసారి నిదానంగా, నాకు పూర్తిగా అర్థమయ్యే ఇంగ్లిష్‌లో చెప్పాడు: “ఇక్కడ అందరూ, ఫోన్‌లో మా అమ్మ కూడా, ఒకటే అడిగేవారు, పెద్ద జట్టులోకి ఎప్పుడు అని. మీరు ముగ్గురే ఎప్పుడూ అడగలేదు. మీ ఇంట్లో ఉన్నంతసేపే నాకు భయం వేసేది కాదు.”

అడగనిది పెద్దమనసుతో కాదు నాయనా, నువ్వు ఆడతావని తెలియక, అని చెప్పడానికి నోరు రాలేదు. బ్యాగు దించి, కావలించుకుని పంపేశాను. ఇప్పటికీ టీవీలో ఆ పెద్ద జట్టు కనిపిస్తే, అన్నీ తెలుసనుకున్న ఆ పాతికేళ్ల సన్నాసి గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఏమీ తెలియకపోవడమే వాడు ఆ పిల్లాడికి చేసిన ఒకే ఒక్క మేలు.