హెడ్‌లైట్ల మీద గడ్డకట్టిన పాలు

యాదాం కారు నంబరు ప్లేట్లను తనిఖీ కేంద్రం ఊడదీసి ఉంచుకుంది. కారులో లోపం లేదు. లోపముందని తేల్చిన కొలతే తప్పు. అది తప్పని చెప్పిన మనిషిని నోరుమూసుకోమన్నారు. ఆ మనిషి పేరు చొయిజిల్.

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులో, చెక్కల దడి కట్టిన పెరట్లో, ఉన్ని గుడారంలో చొయిజిల్ కాపురం. ఏళ్ళ తరబడి ట్రాలీబస్సుల డిపోలో బ్రేకులు చూశాడు. డిపోలో బస్సులు తగ్గిపోయాక ఇరుగుపొరుగు కార్లే అతని కొలువయ్యాయి. చేతికి నూనె అంటని రోజున అన్నం సయించని రకం.

యాదాం అతనికి సైన్యంలో ఉన్ననాటి నేస్తం. యాదాం భార్య సెవ్‌జిద్‌కు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు నగరం అవతలి ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటేనే ఆమెకు ప్రాణం నిలుస్తుంది. అందుకోసమే యాదాం జపాను నుంచి వచ్చిన పాత కారొకటి కొన్నాడు. దాని హెడ్‌లైట్లు ఎడమపక్కన నడిచే దారుల కోసం చేసినవి. ఇక్కడ బళ్ళు నడిచేది కుడిపక్కన కాబట్టి ఆ వెలుగు ఎదుటివాడి కళ్ళలో పొడుస్తుంది. పోయిన ఏడు తనిఖీలో ఆ మాటే చెప్పి, మార్చుకు రమ్మని గడువిచ్చారు.

పాత సామాన్ల సంతలో సరైన జత దొరికింది. దీపాలు మార్చాలంటే ముందు బంపరు ఊడదీయాలి, చలికి దాని ప్లాస్టిక్కు అప్పడంలా పెళుసెక్కి ఉంది. చొయిజిల్ వేడినీళ్ళలో ముంచిన గుడ్డలు చుట్టి ఒక్కొక్క బిగింపునూ మెత్తబరిచి ఊడదీస్తున్నాడు.

"ఒరేయ్, మెల్లగా! ఇది నా కారు, నీ డిపో బస్సు కాదు."

"బస్సయితే నిన్ను దరిదాపులకు రానిచ్చేవాణ్ణా? ఆ గుడ్డ సరిగ్గా పట్టుకో. కవాతులోనూ ఇలాగే వణికేవాడివి."

"మేకపోతుల్లా కుమ్ముకోవడం ఆపి లోపలికి రండి, ఉప్పు టీ చల్లారిపోతోంది," అని గుడారం గుమ్మంలోంచి సెవ్‌జిద్ కేకేసింది.

ఇంజను మీదికి మందపాటి ఉన్ని దుప్పటి కూడా కుట్టి కప్పాడు చొయిజిల్. కొత్త జత బిగించి, దడి చెక్కల మీద బొగ్గుతో గీత గీసి, వెలుగు అంచు దానికి సరిపోయేదాకా మరలు తిప్పాడు.

"ఇక ఎదుటివాడు నన్ను తిట్టడన్నమాట," అన్నాడు యాదాం మురిసిపోతూ.

"తిడతాడు. నీ డ్రైవింగు మారలేదుగా!"

తనిఖీకి బయలుదేరే ఉదయం సెవ్‌జిద్ పాలగిన్నె, చెక్క గరిటె పట్టుకొచ్చింది. ప్రయాణానికి ముందు చక్రాలకు పాలు చిలకరించడం ఆనవాయితీ. దీపాలు కొత్తవి కదా అని ఆమె వాటికీ చిలకరించింది. చూస్తుండగానే గాజు మీద పాలు తెల్లటి పొరలా గడ్డకట్టాయి. చొయిజిల్ చొక్కాచేత్తో తుడవబోయాడు.

"దీవెన తుడిచేస్తావట్రా? చెయ్యి తియ్యి!" అన్నాడు యాదాం.

ఆ పొర వెలుగును చెదరగొడుతుందని చొయిజిల్‌కు తెలుసు. కానీ ఉబ్బిన రెప్పల కింద సెవ్‌జిద్ కళ్ళు ఆశగా ఆ దీపాలనే చూస్తున్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దారిలో కరిగిపోతుందిలే అనుకున్నాడు. దీపాలు వెలిగించని పగటి దారిలో, ఆ చలిలో, అది కరగలేదు.

తనిఖీ కేంద్రంలో, వెలుగు చెదిరిపోతోందని యంత్రం చూపించింది.

"ఎవరు బిగించారు వీటిని?" అన్నాడు తనిఖీదారు.

"నేనే బాబూ, ఇంటిదగ్గరే. గాజు మీద పాలు గడ్డకట్టాయి. ఒక్కసారి తుడిచి మళ్ళీ కొలవండి."

"పాలా? ఇది కారనుకున్నావా, జడలబర్రె అనుకున్నావా పెద్దాయనా?"

వెనక వరుసలో నవ్వులు లేచాయి. చొయిజిల్ టోపీ తీసి తుడవడానికి వంగాడు. తనిఖీదారు ఆ చేతిని తోసేశాడు.

"ముట్టుకోకు! కొలత అయిపోయింది. అనుమతి లేకుండా చేసిన మార్పిది. నోరుమూసుకుని పక్కకు జరుగు."

మార్చమన్నది ఆ కేంద్రమే. ఎవరిచేత, ఎక్కడ మార్పించాలో ఒక్క ముక్క చెప్పనిదీ ఆ కేంద్రమే.

చలికాలాన్ని ఇక్కడ తొమ్మిదేసి రోజుల చొప్పున లెక్కపెడతారు; ఇప్పుడు మూడో తొమ్మిది నడుస్తోంది, మూడేళ్ళ కోడె కొమ్ము సైతం గడ్డకట్టే చలి. సెవ్‌జిద్ రెండు బస్సులు మారి ఆసుపత్రికి పోతోంది. ఒక రోజు రెండో బస్సు రానేలేదు, ఆనాటి శుద్ధి తప్పిపోయింది. మరుసటిసారి తిరిగొచ్చేటప్పుడు ఆమె కాళ్ళు నిలవలేదు. మంచు పేరుకున్న కొండవాలు మీదుగా యాదాం ఆమెను వీపున మోసుకెళ్ళాడు. జారితే పట్టుకోవడానికి చొయిజిల్ వెనకే నడిచాడు.

"నా పాల వల్లేనా మరిదీ?" అంది ఆమె.

"కాదొదినా. తుడవకపోవడం నా తప్పు."

"తప్పులు పంచుకోవడం ఇల్లు చేరాక పెట్టుకోండి, నా నడుం విరుగుతోంది," అన్నాడు యాదాం.

తనిఖీ కేంద్రం అధికారులారా! తుడవకపోవడం చొయిజిల్ పొరపాటే. తుడవబోయిన చేతిని తోసేయడం మాత్రం పొరపాటు కాదు, అధికార దుర్వినియోగం. ఆ కారును మళ్ళీ పిలవండి. గాజు తుడిచి, యాదాం కళ్ళెదుట కొలవండి. సరిపోతే అక్కడికక్కడే ప్లేట్లు మీ చేతులతో బిగించండి. సరిపోకపోతే ఏ నిబంధనను ఉల్లంఘించాడో అతని ముఖాన చెప్పండి. అది సెవ్‌జిద్ మళ్ళీ బస్సెక్కక ముందే జరగాలి.