ఒక్క మనిషికి బోటు లేదు

షోళింగనల్లూరులో నేనుండే గది వెనక కాలువను బాగుచేసి, కాలితో తొక్కే పడవలు వదిలారు. మా నాన్న ఇదే కాలువ మీద తన పడవలో పొయ్యిలోకి సర్వి కట్టెలు మద్రాసు పట్నానికి చేరవేసేవాడు. ఏడేళ్ళు వచ్చేదాకా నేను ఆ పడవలోనే పెరిగాను. అన్నం, నిద్ర, జ్వరం అన్నీ నీళ్ళ మీదే. చచ్చేలోపల ఒక్కసారి మళ్ళీ ఆ నీళ్ళ మీద కూర్చోవాలని కోరిక పుట్టింది.

మా ఆయన పోయి మూడేళ్ళయింది. ఒక్కదాన్నే వెళ్ళాను. టికెట్లిచ్చే ఆయన నా వెనక్కి తొంగి చూశాడు.

"ఇంకెవురు అవ్వా?"

"నేనే."

"ఒక్క మనిషికి బోటు ఇయ్యం. రూలు. ఎవుర్నైనా తోడుకొని రా పో."

ఎవరిని తోడుకెళ్ళను? పక్కగది ఆవిడ పనికి పోతే చీకటి పడ్డాక గాని రాదు. నాలుగు సాయంత్రాలు గట్టు మీద కూర్చుని, ఎక్కేవాళ్ళ మొహాలు చూసి వచ్చేశాను. అడగడానికి నోరు రాలేదు.

ఐదో రోజు మెళ్ళో ఆఫీసు కార్డులు తియ్యకుండానే ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. గోదావరి వైపు మాట. టికెట్టాయనే వాళ్ళతో అన్నాడు.

"ఈ అవ్వని గూడా ఎక్కించుకోండమ్మా. దినామూ వచ్చి చూసి పోతా ఉంది."

"రండి మామ్మగారూ! తొక్కడం మాత్రం మీదే!" అని నవ్వారు.

నీళ్ళ వాసన మారిపోయింది. గట్టు మీద తాడు లాగే బాట పోయింది. పడవ అడుగున నీళ్ళు తట్టే చప్పుడు మాత్రం అదే. కళ్ళు మూసుకుని విన్నాను. పిల్లలిద్దరూ వాళ్ళ మేనేజరును ఆడిపోసుకుంటున్నారు.

వంతెన దగ్గర తిరిగేసరికి ఎదురుగాలి. ఎంత తొక్కినా పడవ కదలదు. "నా కాళ్ళు పోయాయే బాబూ" అని ఒకమ్మాయి మొత్తుకుంది.

చిన్నప్పుడు మా నాన్న పడవకు ఎదురుగాలి తగిలితే ఆడవాళ్ళూ పిల్లలూ గట్టుకు దిగి నడవాల్సిందే. బరువు తగ్గితే మగవాళ్ళు తాడుతో లాగేవాళ్ళు. గాలి పడిపోయాక నాన్న పడవ ఆపి మమ్మల్ని ఎక్కించుకునేవాడు. ఆలోచించకుండానే అనేశాను:

"నన్ను ఆ మెట్ల కాడ దింపండమ్మా. బోటు తేలికవుతుంది."

"మీరేం బరువండీ!"

"ఎదురుగాలికి అంతేనమ్మా."

దింపారు. కొంతదూరం పడవ పక్కనే గట్టు మీద నడిచాను. తర్వాత అది ముందుకెళ్ళిపోయింది. ఎక్కడా ఆగలేదు. ఆగుతుందని నేనెందుకు చూశానో!

సగం దారిలో టికెట్టాయన మునిగేవాళ్ళకు విసిరే రబ్బరు చక్రం భుజాన వేసుకుని, ఈల ఊదుతూ ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"ముగ్గురెక్కితే ఇద్దురొచ్చిరే! నడమన దిగిందని ఆ పిల్లలు చెప్తా ఉండారు. గట్టు మీద దిగితివో నీళ్ళల్లో దిగితివో నాకేం తెలుసు? గుండె ఆగిపోయె! ఇంక నీకు టికెట్టే లేదు పో అవ్వా!"

"తప్పే నాయనా" అన్నాను.

నన్ను వెతుక్కుంటూ ఒక మనిషి పరుగెత్తుకొచ్చి చాలా కాలమైంది. ఆయన రేవు దాకా తిడుతూనే నడిచాడు. నేను కావాలనే మెల్లగా నడిచాను.