నోరు తెరిస్తే మీరు, మూస్తే నేను

పెళ్లాం నవ్వితే ఎన్ని పళ్లు కనిపిస్తాయో ఎర్మీలోని అడిగితే చెప్పలేకపోయేవాడు. చానో నోరు మాత్రం కంఠతా వచ్చు. పన్నెండేళ్లపాటు, ఏటా నూటపాతిక ఆటలు, ఆటకి వందసార్లకి పైగా ఆ నోటికేసి చూశాడు. చూడటం అతని ఉద్యోగంలో భాగం.

ఎర్మీలో పోయి మొన్న మార్చికి రెండేళ్లయింది. ఉప్పుమడుల బేస్‌బాల్ జట్టులో రెండో బేస్ దగ్గర పందొమ్మిది వేసవులు నిలబడ్డాడు. అతని కుడిచేతివైపు, బేస్‌కి అవతల, షార్ట్‌స్టాప్ చానో. మొదటి బేస్ మీదున్న ప్రత్యర్థి ఒక్కోసారి బంతి వేస్తుండగానే రెండో బేస్ కాజేయాలని పరుగు తీస్తాడు. వెనక కూర్చున్న క్యాచర్ లేచి బంతిని రెండో బేస్ మీదికి విసురుతాడు. అందుకోవడానికి ఈ ఇద్దరిలో ఒకడు బేస్ మీదికి ఉరకాలి, రెండోవాడు కదలకూడదు. ఎవరు ఉరకాలో ప్రతి బంతికీ ముందే చానో తేల్చేవాడు. చేతి తొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని, బ్యాటు పట్టినవాడికి కనిపించకుండా, ఎర్మీలోకి నోరు చూపించేవాడు. నోరు తెరిస్తే మీరు, మూస్తే నేను.

'మీరు' ఎందుకంటే వాళ్లు కొంపాద్రెలు. ఎర్మీలో కూతురికి చానో జ్ఞానతండ్రి. ఫాదరు బిడ్డ నెత్తిన నీళ్లు పోసిన పూటనుంచి, అంతకుముందు నాలుగేళ్లు ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్లు, మీరు అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. తిట్టుకున్నా మన్ననగానే తిట్టుకునేవారు. "తమరు ముసలి గాడిదలా పరిగెత్తారు కొంపాద్రె" అని చానో అంటే బస్సంతా నవ్వేది.

ఆ బస్సులోనే సగం జీవితం గడిచింది. దేశం ఆ కొసనుంచి ఈ కొసదాకా, మెరిదానుంచి మోన్‌క్లోవా దాకా రెండు పగళ్లు, ఒక రాత్రి. వెనక సీట్లో ఎవరో ఒకరు మోకాళ్లకి కర్పూరం నూనె రాసుకుంటూ ఉండేవారు. దిగగానే ఎండలో సాధన, సాయంత్రం ఆట, మళ్లీ బస్సు. ముప్పై ఏడేళ్లకే ఎర్మీలో మెట్లు దిగాలంటే కమ్మీ పట్టుకునేవాడు.

మోకాళ్లు అందరికీ పోయేవే. అతనికి పోయినవి కళ్లు.

ఉప్పుమడుల ఎండలో పెరిగినవాళ్లకి మామూలుగా వచ్చే జబ్బే. తెల్లగుడ్డు మూలనుంచి కండ పాకుతూ నల్లగుడ్డు మీదికి వస్తుంది. వాళ్ల నాన్నకీ వచ్చింది. ఎర్మీలో ఒక చలికాలం కోయించుకుంటే రెట్టింపు పెరిగింది. ఊళ్లో ఇంటికొకరికి ఉన్నదే కాబట్టి జట్టులో ఎవరూ పట్టించుకోలేదు. లోపలినుంచి చూస్తే లోకం ఎలా ఉందో అతను ఎవరికీ చెప్పలేదు, పెళ్లాం ఒఫేలియాకి కూడా. నేలబారు బంతులతో ఇబ్బంది లేదు. బ్యాటు చప్పుడు వినగానే కాళ్లు వాటంతటవే వెళ్లేవి. బ్యాటు తన చేతికొచ్చినప్పుడే పరువు పోయేది. అతన్ని బ్యాటింగు వరసలో చివరికి తోశారు. వయసు మీద పడిందనుకున్నారు.

చానో నోరు అయితే ఆ పందొమ్మిదో ఏడు ఏప్రిల్ నుంచి అసలు కనిపించడమే లేదు. తొడుగు వెనక ఒక మసక. కానీ చానోకి ఎడమవైపు పైవరసలో బంగారు పన్ను ఉండేది, పెళ్లికి పెట్టించుకున్నది. నోరు తెరిస్తే అది దీపాల వెలుగులో తళుక్కుమనేది. ఎర్మీలో ఆ తళుకు కోసం చూసేవాడు. తళుక్కుమంటే తను వెళ్లాలి, లేకపోతే ఆగాలి. ఏప్రిల్, మే, జూన్ అలా నెట్టుకొచ్చాడు. ఇంకొక్క ఏడు, ఇరవయ్యోది కూడా, అలాగే నెట్టేయగలననుకున్నాడు. రెండో బేస్ దగ్గర కాకపోతే ఇంకెక్కడ నిలబడాలో అతనికి తెలీదు.

జూలైలో మోన్‌క్లోవా వెళ్లినప్పుడు చానో దవడ బుడగలా వాచింది. అక్కడి పళ్ల డాక్టరు చీము తీసి, బంగారు పన్ను పీకి, దూదిలో చుట్టి చేతిలో పెట్టాడు. చానో దాన్ని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాడు. గని మూతపడిందని కుర్రాళ్లు వేళాకోళం చేశారు. ఇకమీద అర్ధరాత్రి ఇల్లు చేరితే పెళ్లాం గుర్తుపట్టలేదన్నాడు ఒకడు. సగం మొహం మొద్దుబారిపోయి చానో నవ్వలేకపోయాడు. ఎర్మీలో కూడా నవ్వలేదు.

మర్నాడు తొమ్మిది వంతుల ఆటలో ఏడో వంతున ప్రత్యర్థి పరుగు తీశాడు. ఎర్మీలోకి తళుకు కనిపించలేదు, ఆగాడు. చానో కూడా ఆగాడు. క్యాచర్ విసిరిన బంతి ఖాళీ బేస్ మీదుగా గడ్డిలోకి దొర్లుకుంటూ పోయింది, పరిగెత్తినవాడు బేసులన్నీ చుట్టొచ్చి పరుగు రాబట్టాడు.

ఎవరూ బేస్‌కి పోకపోతే తప్పు నోరు చూపించినవాడిదే. ఎక్కడా రాసి లేకపోయినా అందరికీ తెలిసిన చట్టం. చానో బెంచీ దగ్గరికొచ్చి దవడ నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"తెరిచాననే అనుకున్నాను కొంపాద్రె. ఈ మూతి నాది కానట్టుంది, ఏం చేస్తోందో నాకే తెలీడం లేదు" అన్నాడు.

చెప్పాల్సిన మాట చెప్పాల్సిన చోటికి అంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఎర్మీలో నీళ్ల చెంబు అందుకున్నాడు. తిమ్మిరి తగ్గాక అదే సర్దుకుంటుందిలెండి అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే ఎలా వచ్చిందో అతనికి చివరిదాకా అర్థం కాలేదు.

శనివారం సొంతూళ్లో మళ్లీ అదే జరిగింది. ఆదివారం మళ్లీ. ఆదివారం జట్టు యజమాని కూడా వచ్చి కూర్చున్నాడు. దోన్ తాచో ఆ ఏడుతో మేనేజరు పని మానుకుంటున్నాడని, తర్వాత పగ్గాలు చానోకేనని ఊరంతా అనుకుంటున్న రోజులు. జనం కూర్చునే దిళ్లు తీసి మైదానంలోకి విసిరారు. నోరు తెరవడం రానివాడు జట్టుని ఏం నడుపుతాడని ఎవరో అరిస్తే మెట్లన్నీ ఘొల్లుమన్నాయి. అద్దం ముందు నిలబడి చానో నోరు తెరిచి మూసి, తెరిచి మూసి చూసుకుంటున్నాడని చానో భార్య ఏడుస్తూ ఒఫేలియాతో చెప్పుకుంది. ఒఫేలియా వచ్చి ఎర్మీలోకి చెప్పింది. అతను అన్నం పళ్లెం పక్కకి జరిపి మంచమెక్కాడు.

సోమవారం దోన్ తాచో అందరిముందూ తేల్చేశాడు. ఇకనుంచి నోరు చూపించేది ఎర్మీలో, చానో చూసి నడుచుకుంటాడు. షార్ట్‌స్టాప్ చేతిలోంచి ఆ పని తీసేయడమంటే పెద్దకొడుకుని పీటమీదనుంచి లేపి చిన్నవాణ్ణి కూర్చోబెట్టడమే. తానుగా అడిగి ఉంటే చానో మొహం చూడలేకపోయేవాడని ఎర్మీలో ఇన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు అడక్కుండానే వచ్చిపడింది. ఇక చూడనక్కర్లేదు, చూపిస్తే చాలు. కళ్లు రెండూ మూసుకున్నా ఆడొచ్చు.

మంగళవారంనుంచి శుక్రవారం దాకా నాలుగు ఆటలు. ఐదుగురు పరుగు తీస్తే నలుగురు దొరికిపోయారు. తల పండినవాడి బుర్రే వేరని దోన్ తాచో భుజం తట్టాడు. అంతసేపూ అటుపక్క మసకలో చానో మెడ ఇటు తిప్పుకుని, ప్రతి బంతికీ, పంతులు దగ్గర పిల్లాడిలా తన నోటికేసి చూస్తున్నాడని ఎర్మీలోకి తెలుస్తూనే ఉండేది. కనపడాల్సిన పనిలేదు. నాలుగు రాత్రులూ నిద్రలేదు. ఆటవల్ల వచ్చే అలసట వేరు, పడుకుంటే దిగుతుంది.

శనివారం కాంపెచేలో ఆటకి వెళ్తూ పొద్దున్నే దారిపక్క హోటలు దగ్గర బస్సు ఆపారు. గుడ్లు, నల్ల చిక్కుడు గింజలు, టోర్టియా రొట్టెలు. ఎర్మీలో తన పళ్లెం పట్టుకుని దోన్ తాచో, చానో కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లాడు. కూర్చోలేదు.

"చానో మూడుసార్లూ నోరు తెరిచే ఉంటారు. నాకే కనపడలేదు" అన్నాడు. "ఏప్రిల్ నుంచీ కనపడటం లేదు. ఆ పన్ను మెరుపు చూసి ఆడుతున్నాను."

దోన్ తాచో నమలడం ఆపి, గోడమీది క్యాలెండరులో బొమ్మ ఏమిటని అడిగాడు. ఎర్మీలో మెడ అటూ ఇటూ తిప్పాడు. గోడమీద క్యాలెండరు ఉన్నట్టే తెలీదన్నాడు. దోన్ తాచో టోర్టియా తుంచాడు. ముందు తిను అన్నాడు. తర్వాత, ఇవాళ ఆటబట్టలు వేసుకోవద్దన్నాడు. అంతే. పందొమ్మిదేళ్లకి ఆ రెండు మాటలు.

చానో పళ్లెంలోంచి తలెత్తలేదు.

"పది రోజులు కొంపాద్రె," అన్నాడు. "పది రోజులు నా మొహం నాది కాదనుకున్నాను. మీరు పక్కసీట్లో కూర్చుని చూస్తూ ఉన్నారు."

ఎర్మీలో పళ్లెం బల్లమీద పెట్టేశాడు. తర్వాతి సంవత్సరాల్లో చానోకి పగ్గాలు అందాయి, రెండేళ్లకి తీసేశారు, ఇద్దరూ వీధి చివర ఒకే అరుగుమీద కూర్చుని పొద్దుపుచ్చారు. ఆ పది రోజుల సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. చానో క్షమించాడో, అలిసిపోయి వదిలేశాడో తెలీదు. బహుశా అతనికీ తెలీదు.

ఆ పొద్దున బస్సులో వాళ్లిద్దరూ ఎప్పుడూ కూర్చునే నాలుగో వరస జంటసీటు ఖాళీగానే ఉంది. ఎర్మీలో వెనక్కి పోదామని చూశాడు. చానో వచ్చి నిలబడి, కిటికీవైపు జరగమన్నాడు. మోకాలు చాపుకోవాలంటే అతనికి ఎప్పుడూ దారివైపే కావాలి.

సాయంత్రం ఎర్మీలో మామూలు ప్యాంటుతో బెంచీమీద కూర్చున్నాడు. రెండో బేస్ దగ్గర ఒబ్దూలియో అనేవాడు, మూడేళ్లుగా బెంచీ అరగదీసినవాడు, నిలబడ్డాడు. నోటి సైగ మళ్లీ చానోకి ఇచ్చారు. ప్రతి బంతికీ ఎర్మీలో కాళ్లు నేలమీద కదులుతూనే ఉన్నాయి. ఐదో వంతులో ఎవరో ఉరికారు. క్యాచర్ తొడుగులో బంతి పడ్డ చప్పుడు, బంతి గాల్లో వెళ్లిన చప్పుడు, తోలుమీద తోలు కొట్టిన చప్పుడు. బెంచీ అంతా లేచింది. దొరికాడన్నమాట.

ఎవరు వెళ్లారని పక్కవాణ్ణి అడిగాడు.

"ఒబ్దూలియో. చానో నోరు తెరిచాడుగా, చూళ్లేదా?" అన్నాడు వాడు, అలవాటుకొద్దీ.

ఎర్మీలో వెనక గోడకి ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. ఇంకా నాలుగు వంతుల ఆట మిగిలి ఉంది.