ఇంత చవగ్గా నేతి సున్నుండలా?

నా చిన్నప్పుడు, గుణదలలో మా వీధికి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో, మా పెద్దమ్మ సున్నుండలు చేసి అమ్మేది. పెదనాన్న పోయాక కొన్నాళ్ళు ఉయ్యూరులో మా మేనమామ ఇంట్లో ఉంది. అక్కడ మరదలు పెట్టే ముద్ద కోసం రోజూ ముఖం చిన్నబుచ్చుకోలేక మా ఇంటికి వచ్చేసింది. తన కాళ్ళ మీద తను నిలబడాలని ఆవిడ పంతం. దసరాలోపు ఈ వ్యాపారం నడవకపోతే మళ్ళీ ఉయ్యూరే వెళ్ళిపోతానని ఒకరోజు మా అమ్మతో అనేసింది. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు. పెద్దమ్మ పక్కన పడుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు మరి.

పొట్టు మినుములు దోరగా వేయించి, మర పట్టించి, బెల్లం దంచి కలిపి, కాచిన గేదె నెయ్యి ధారగా పోసి చుట్టేది. డాల్డా మా గడప తొక్కలేదు. ఇంట్లో చేసుకునే పనే కదా అని తన కష్టానికి మాత్రం ధర కట్టుకోలేదు. బజార్లో డాల్డా సున్నుండల ధరకే తన నేతి సున్నుండలు ఇచ్చేది. అదే కొంప ముంచింది. వచ్చినవాళ్ళు ధర అడిగి, ముఖం అదోలా పెట్టి, "ఇంత చవగ్గా నేతి సున్నుండలు ఎట్టా వస్తాయండీ? ఏం కలిపారేంటి?" అనేసి పోయేవాళ్ళు. ఒట్టేసి చెప్పినా నమ్మరు! పెద్దమ్మకు ఏడుపొచ్చేది. నాకైతే వాళ్ళ వెనకే పరుగెత్తి తలా ఒక ఉండ నోట్లో కుక్కి రావాలనిపించేది. మిగిలిపోయినవన్నీ మేమే తినేవాళ్ళం. సున్నుండలంటే మొహం మొత్తిన పిల్ల బెజవాడ మొత్తానికి నేనొక్కదాన్నేనేమో.

మా పక్కింటి తాతయ్యకు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఉండేది. ప్రతి రంజాన్‌కూ ఆయన ఇంటి నుంచి మాకు సేమ్యా పాయసం వచ్చేది, పండగలకు మా ఇంటి నుంచి వాళ్ళకు పులిహోర వెళ్ళేది. శ్రావణమాసం పెళ్ళిళ్ళ బేరాలు మొదలయ్యాక ఆయన వచ్చి, ఎందుకో చెప్పకుండా, చేసినవన్నీ పట్టుకెళ్ళాడు. నాలుగు రోజుల తర్వాత ఖాళీ చేతులతో వచ్చి ఇంకా కావాలన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. జరీ అంచు బొమ్మ వేసిన అట్టపెట్టెల్లో వాటిని సర్ది, గల్లాపెట్టె పక్కన పెట్టి, మా ధరకు రెట్టింపు పైన చెప్పాడట. చీరలు కొన్నవాళ్ళు ఎగబడి కొన్నారట.

నేను ఎగిరి గంతేశాను. పెద్దమ్మ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది.

"అదే చెయ్యి, అదే నెయ్యి కదా బాబాయి గారూ! నిజం చెప్తే నమ్మనోళ్ళు పెట్టెను చూసి నమ్మారా?"

"పెట్టెదేముందమ్మా, ధర చూసి ఆగారు," అన్నాడాయన. "ఆగారు కాబట్టి మూత తీసి వాసన చూశారు. చవకదైతే వాసన కూడా చూడరు. నీ కష్టానికి నువ్వే విలువ కట్టుకోలేదు, ఇంక వాళ్ళేం కడతారు?"

పెద్దమ్మ వింటేగా! జనానికి బుద్ధి లేదని తిట్టుకుంటూ ఆ సాయంత్రమంతా కోపం గిన్నెల మీద చూపించింది. కానీ వ్యాపారం నడిచింది. నెయ్యి చాలనంతగా నడిచింది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం, కంకిపాడు వైపు పల్లె నుంచి ఒకామె స్టీలు క్యాన్‌తో మా గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో కాచిన గేదె నెయ్యి అంది. కొట్టు ధర కన్నా బాగా తక్కువ చెప్పింది. పెద్దమ్మ క్యాన్ వైపు కూడా చూడలేదు.

"ఇంత చవగ్గా నెయ్యేంటి? ఏం కలిపావమ్మా?" అంది.

"మా గేదె పాలేనండీ, నేనే కాశాను," అందామె. క్యాన్ చంకనేసుకుని వెళ్ళిపోయింది.

తను ఏమన్నదో పెద్దమ్మకు అప్పుడు తెలిసింది. చేతిలో గరిటె అక్కడే పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వీధి చివరిదాకా పరుగెత్తింది. ఆమె కనిపించలేదు. బస్సెక్కేసిందో, ఏ సందులోకి తిరిగిందో. పెద్దమ్మ తిరిగొచ్చి గడప మీద కూలబడి, "నన్ను అందరూ అన్న మాటే కదే ఇది! ఆ నోటితోనే నేనెట్టా అన్నానే?" అని బావురుమంది. ఆ తర్వాత చాలాకాలం పొద్దున పూట బస్టాపు వైపు చూస్తూనే ఉండేది. ఆమె మళ్ళీ రాలేదు.

పెద్దమ్మ ఉయ్యూరు వెళ్ళలేదు. నా పెళ్ళయ్యేదాకా మాతోనే ఉంది. కానీ ధర చూసి నమ్మే జనం మీద ఆవిడ చిరాకు మాత్రం నాకు అంటుకుని వదలలేదు. సూపర్‌మార్కెట్లో ఒకేలాంటి రెండు సీసాలు కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి ఎక్కువ ధర దాని మీదికే పోతుంది. ఆ ధరలో ఎవరి కష్టం ఎంతో, అట్టపెట్టె ఎంతో, కొట్టు వాడి ఏసీ ఎంతో బయటి నుంచి చూస్తే ఛస్తే తెలియదు. ఇంత తెలిసీ అటే పోయే నా చేతిని చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది.

మొన్న మా గేటు దగ్గర ఒకామె నువ్వుల నూనె డబ్బా దించి ధర చెప్పింది. మరీ తక్కువ. ఆ పాడు మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసుకుని, "మూత తియ్యమ్మా, వాసన చూస్తాను," అన్నాను.