బియ్యం డబ్బాలో పిస్తోలు

మా మరిదికి ఇప్పుడు రివాల్వర్ లైసెన్సు కావాలట. రాజమండ్రిలో వాళ్ళ వీధి చివరింట్లో దొంగలు పడి, ఇంటాయన్ని కొట్టి బీరువా ఊడ్చుకుపోయారు. అప్పట్నుంచి మరిదికి కంటి మీద కునుకు లేదు. ఎవరిని పట్టుకుంటే పనవుతుందో ఊరంతా అడుగుతున్నాడు. మొన్న నాకూ ఫోన్ చేశాడు. సౌదీలో అన్నేళ్ళున్నారు కదా వదినా, అక్కడ ప్రతి ఇంట్లోనూ తుపాకీ ఉంటుందట కదా, మీకు తెలిసే ఉంటుంది అని. తెలియకేం! మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, కొన్నాళ్ళు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని మా ఆయన ఇన్నేళ్ళూ నా నోరు నొక్కేశారు. ఇప్పుడాయన పక్కగదిలో టీవీ పెట్టుకుని కూర్చున్నారు, చెవులు కూడా అంతంతమాత్రమే. కాబట్టి చెప్పేస్తాను.

ముందు మా ఆయన సంగతి. నీళ్ళ పంపుల ఇంజనీరు. కోపం వస్తే గబగబా వెళ్ళి స్నానం చేసి వచ్చే రకం. వంటింట్లో బొద్దింక కనిపిస్తే నన్ను పిలిచేవారు. అలాంటి మనిషి పిస్తోలు తెచ్చి ఇంట్లో దాచారంటే, ఆ రోజులు ఎలాంటివో మీరే ఊహించుకోండి.

కువైట్ కోసం యుద్ధం మొదలైన చలికాలం అది. మేము సౌదీ తూర్పు తీరాన అల్ ఖోబర్లో, అజీజియా పేటలో ఉండేవాళ్ళం. మా పిల్లకి అయిదేళ్ళు. సైరన్ మోగితే ముగ్గురం బాత్రూంలో దూరి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, మళ్ళీ సైరన్ వచ్చేదాకా కూర్చునేవాళ్ళం. కిటికీలన్నిటికీ అడ్డంగా టేపులు. పైనుంచి వచ్చి పడే స్కడ్ క్షిపణి సంగతి దేవుడెరుగు, అందులో విషవాయువు ఉంటుందన్న మాటే మమ్మల్ని సగం చంపేసింది. నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద బెంగ బియ్యం. ఓడలు ఆగిపోతే సన్నబియ్యం ఎక్కడ దొరుకుతాయి? దొరికిన రోజే రెండు బస్తాలు కొని, మోకాలెత్తు రేకు డబ్బా ఒకటి నిండా పోసి, అత్యవసరానికని మూల పెట్టాను. దాన్ని ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.

కింద వాటాలో ఇంటి ఓనరు ఉండేవాడు. సౌదీ ముసలాయన. దేశానికి ఆ చివర, పడమట ఉన్న తాయిఫ్ కొండల్లో వాళ్ళకి దానిమ్మ తోటలు. మా ఆయన్ని పేరు పెట్టి పిలవకుండా 'ముహందిస్' అనేవాడు, ఇంజనీరుగారూ అన్నట్టు. యుద్ధం మొదలవగానే ఆయన కుటుంబంతో తాయిఫ్ బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ మా ఆయన చేతిలో రెండు వస్తువులు పెట్టాడు, ఇంటి తాళంచెవి, వాళ్ళ నాన్న పిస్తోలు. ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి, దొంగలు పడతారు, ఇంట్లో ఆడకూతురు, పసిది ఉన్నారు, ఉంచుకో అన్నాడట. వాళ్ళ కొండల్లో మగవాళ్ళు తోటకి వెళ్ళేటప్పుడు మనం గొడుగు పట్టుకెళ్ళినట్టు తుపాకీ పట్టుకెళ్తారు. అక్కడి కోతులు మన కొండగుళ్ళ కోతుల్లా చేతిలో అరటిపండు లాక్కుని పోయే రకం కాదు, కుక్కంతేసి ఉండి మంద కట్టి వస్తాయి. ఆయనకది మామూలు వస్తువు. మాలాంటి పరదేశం వాళ్ళ దగ్గర దొరికితే మాత్రం జైలు, ఆ తర్వాత ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయడం. అది తెలిసీ మా ఆయన వద్దనలేదు. తీసుకున్నారు. నాకు చెప్పలేదు.

తీసుకుని ఎక్కడ దాచారు? బియ్యం డబ్బాలో. మా అత్తగారు నగలు, డబ్బులు, ఆఖరికి ఇంటి దస్తావేజులు కూడా బియ్యంలోనే దాచేవారు. ఆ తల్లి కడుపున పుట్టిన మనిషికి దాచడమంటే ఇంకో చోటు తోస్తుందా! పాత బనీనులో చుట్టి, ముట్టుకోవద్దని నేను చెప్పిన డబ్బా అడుగున పెట్టి, పైన బియ్యం సర్దేశారు.

ఒకరోజు పొద్దున్న ఊరవతల ఎక్కడో స్కడ్ పడి మా కిటికీలు గజగజలాడాయి. ఇక చాలు, పిల్లని తీసుకుని తాయిఫ్ పోదాం, ఓనరు తోటలో గది ఇస్తానన్నాడు కదా అన్నారు మా ఆయన. ఊరు దాటడానికి కంపెనీ ఇచ్చే ఉత్తరం తెచ్చుకుని, పెట్రోలు కొట్టించుకు రావడానికి వెళ్ళారు. ఆయన వచ్చేసరికి నేను కారు సర్దేశాను. డిక్కీ నిండిపోయింది. బియ్యం డబ్బాని వెనకసీటు ముందు కాళ్ళ దగ్గర ఇరికించి, పైన దుప్పటి కప్పాను. మనిషి ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతున్నా తెలుగింటి ఆడది బియ్యం వదిలేసి పోతుందా? ఆ మాట ఆయనకి చెప్పాలని కూడా తోచలేదు నాకు.

రియాద్ దారిలో మొదటి చెక్‌పాయింట్ దగ్గర ఆపారు. కుర్ర సైనికుడు మా ఇకామాలు, అదే, అక్కడ ఉండటానికిచ్చే కాయితాలు చూశాడు, ఉత్తరం చూశాడు. తర్వాత వెనక తలుపు తీసి, దుప్పటి కింద ఏమిటని అడిగాడు. నాకు వచ్చిన నాలుగు అరబిక్ ముక్కల్లో అదొకటి కాబట్టి, "రుజ్, రుజ్" అన్నాను గర్వంగా. బియ్యం అని. అంతటితో ఊరుకోకుండా మూత తీసి చూపించాను. అద్దంలో మా ఆయన మొహం చూశాను. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. మనిషికి ఏదో అయిందనుకున్నాను.

ఆ కుర్రాడు మణికట్టు దాకా చెయ్యి పెట్టాడు. పిడికెడు బియ్యం తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మరీ పొట్టిగింజలు, బాస్మతీ కొనుక్కోండి అన్నట్టు ఏదో అని, నవ్వి, గింజలు మళ్ళీ డబ్బాలో పోసి వెళ్ళమన్నాడు. నాకు ఒళ్ళు మండింది, మా సన్నబియ్యాన్ని అంత మాట అన్నందుకు.

కొంతదూరం పోయాక మా ఆయన కారు ఇసకలోకి దింపి ఆపేశారు. తలుపు తీసుకుని దిగి, చక్రం పక్కన చతికిలబడ్డారు. నేను దిగి నీళ్ళు ఇచ్చాను. అప్పుడు చెప్పారు, డబ్బా అడుగున ఏముందో.

నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆ ఎడారిలో వినేవాళ్ళు లేరు కాబట్టి గొంతెత్తి మరీ తిట్టాను. మతి ఉందా, పిల్ల ఉన్న ఇంట్లోనా, ఎప్పుడైనా సినిమాలో తప్ప తుపాకీ చూశారా, ఇక్కడే పారేయండి అన్నాను. ఆయన అంతా విన్నారు. వాళ్ళ నాన్నది, నమ్మి ఇచ్చాడు, ఎలా పారేస్తాను అన్నారు.

"దానితో స్కడ్‌ని కొడతారా మీరు?" అన్నాను.

ఆయన ఇసకలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నారు. తర్వాత చెప్పారు. ఆఫీసులో అందరికీ గ్యాస్ మాస్కులు పంచారట. మనిషికొకటి. ఇంట్లోవాళ్ళకి లేవు, ఉద్యోగులకి మాత్రమే అన్నారట. "ఒక్కటి తెచ్చుకుని నేను పెట్టుకుంటే, మీరిద్దరూ నా మొహం చూస్తూ కూర్చుంటారా? డ్రాయర్లో పడేసి వచ్చేశాను. అదే సాయంత్రం ఆయన ఇది ఇస్తానన్నాడు. చేతిలో ఏదో ఒకటి ఉండాలనిపించింది."

ఇక తిట్టడం మానేశాను. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు. పైనుంచి పడేదాన్ని ఆపలేనని మనిషికి తెలుసు. అయినా పెళ్ళాం బిడ్డల ముందు ఉత్తచేతులతో నిలబడలేడు. మా మరిదిని ఈరోజు ఎంత వెక్కిరించినా, ఆ ఎడారిలో మా ఆయన పక్కన కూర్చున్నప్పుడు నాకది పూర్తిగా అర్థమైంది. నిజం చెప్పాలంటే, కారెక్కాక నాకూ ఏదో ధైర్యం వచ్చింది. మా దగ్గరా ఒకటి ఉంది అన్న ధైర్యం. డబ్బా మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఇక ఆ తర్వాతి చెక్‌పాయింట్ల సంగతి నేను చూసుకుంటానన్నాను. దుప్పటి తీసేశాను, దాస్తేనే కదా అనుమానం. డబ్బా మీద దిండు వేసి పిల్లని దాని మీద కూర్చోబెట్టాను. సైనికులు కనపడగానే పులిహోర గిన్నె తీసి ముద్దలు పెట్టడం మొదలెట్టేదాన్ని. ఇంగువ వాసనకి ఒకడు మొహం తిప్పుకున్నాడు. ఇంకొకడు పిల్ల బుగ్గ గిల్లి పొమ్మన్నాడు. గతుకుల్లో డబ్బా ఎగిరిపడుతుంటే పిల్ల గుర్రమెక్కినట్టు కిలకిలా నవ్వేది. రెండోరోజు తాయిఫ్ కొండలు కనపడేసరికి మా ఆయన పాటలు కూడా పాడారు. మేమిద్దరం ఇంత గడుసువాళ్ళమా అని మాకే ముచ్చటేసింది.

తోటింట్లో ముసలాయన మమ్మల్ని కావలించుకున్నంత పని చేశాడు. గహ్వా అనే వాళ్ళ కాఫీ, ఖర్జూరాలు అయ్యాక మా ఆయన డబ్బా లోపలికి తెచ్చి సంగతి చెప్పారు. ఆయన పడీపడీ నవ్వాడు. తివాచీ మీద దుప్పటి పరిచి బియ్యమంతా కుమ్మరించాడు. బియ్యప్పిండి పట్టిన బనీను విప్పి పిస్తోలు తీసి, పైట చెంగుతో తుడిచినట్టు తన తలగుడ్డ అంచుతో ముద్దుగా తుడిచాడు. మా ఆయన పక్కనే కూర్చుని, ఇందులో తూటాలేమీ లేవు కదా అని అడిగారు. ఊరికే, మాట వరసకి.

ముసలాయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తూటాలు లేకపోతే ఇంక దేనికి ముహందిస్, దొంగ వచ్చాక ఎక్కించుకుంటావా అన్నాడు. పిడి లోంచి తూటాల గూడు లాగి పక్కన పెట్టాడు. తర్వాత పైభాగం పట్టుకుని వెనక్కి లాగాడు. పేలడానికి సిద్ధంగా గొట్టంలో ఉన్న తూటా ఎగిరి బియ్యంలో పడింది.

అజీజియా నుంచి తాయిఫ్ దాకా, ఎడారంతా, గతుకులన్నీ, అది అలాగే గొట్టంలో ఉంది. నేను దిండు వేసి మరీ పిల్లని దాని మీద కూర్చోబెట్టాను. మా ఆయన గోడకి జారబడి కళ్ళు మూసుకున్నారు.

మా పిల్ల అప్పటికే బియ్యం దగ్గరికి పాకేసింది. రోజూ నా పక్కన కూర్చుని బియ్యం ఏరడం దానికి సరదా. రెండు వేళ్ళతో ఆ తూటాని పట్టి తీసి, నా దగ్గరికి తెచ్చింది.

"అమ్మా, రాయి" అంది.

నేను చెయ్యి చాపాను. అది నా అరచేతిలో పెట్టేసి, ఇంకా ఏమైనా ఉన్నాయేమోనని మళ్ళీ వెళ్ళి బియ్యంలో చేతులు పెట్టింది.